నూనె కారే బండికి అక్క కుట్టిన సంచి

మా బావ దర్జీ. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఇంత దట్టంగా మొలవకముందు నుంచీ ఒక సందులో కూర్చుని సూట్లూ సఫారీలూ కుట్టేవాడు. ఆయన దగ్గర ఒక కారుండేది. ఇంగ్లండులో తయారైన పాత బండి. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, మనిషి పొడుగున్న ముక్కు. అందులో కూర్చుంటే దాదాపు నేల మీద కూర్చున్నట్టే ఉండేది. సిరిసిల్లలో మగ్గాలు వదిలి వచ్చిన ఇంటి దర్జీకి ఇలాంటి బండి ఎక్కడిదని కొత్తవాళ్లు ఆశ్చర్యపోయేవారు. “సూటు కుట్టిచ్చిన, బండి ఉత్తగ వచ్చింది” అనేవాడు బావ.

నిజం కూడా దాదాపు అదే. బేగంపేటలో ఒక పెద్ద బంగళాలో ఒంటరిగా ఉండే ముసలాయన బావ దగ్గరే సూట్లు కుట్టించుకునేవాడు. ఇల్లు ఖాళీ చేసి చల్లటి ఊరికి వెళ్లిపోతూ, షెడ్డులో టైర్లు దిగిపోయి ఉన్న కారును చూపించి, కావాలంటే తోసుకుపొమ్మన్నాడట. బావ దుకాణంలో కుట్టుపని చేసే కారిగార్లను వెంటబెట్టుకుని నిజంగానే తోసుకొచ్చాడు. దాన్ని మళ్లీ నడిచేలా చేయడానికి చాలా కాలం పట్టింది. సనత్‌నగర్‌లో షెడ్డున్న ఒక మెకానిక్ భాయ్ ఆ పని చేశాడు. ప్రతి పండక్కీ ఆయనకు బావ షేర్వానీ కుట్టిపెట్టేవాడు.

బండి నడిచింది గానీ నూనె కారడం మానలేదు. ఆ కాలపు ఇంగ్లీషు కార్ల తీరే అంతట. ఇంజన్ ఇరుసు వెనక కొసన ఇప్పటి బండ్లకు ఉన్నట్టు రబ్బరు సీలు ఉండదు. ఇరుసు మీద మరలు కోసి ఉంటాయి. తిరుగుతున్నంతసేపూ ఆ మరలు నూనెను లోపలికి తోస్తాయి, ఆగితే తోసేదేమీ ఉండదు. బావ రాత్రి దుకాణం కట్టేసి వచ్చాక కారు కింద తెల్లటి అస్తరు గుడ్డ ముక్క పరిచేవాడు. కోటు లోపల వేసే గుడ్డే. పొద్దున్నే దాన్ని బయటికి లాగి, చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో చూసేవాడు. కొత్త చోట చుక్క కనిపిస్తే ఇంజన్‌ను శుభ్రంగా తుడిచి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దను పొడి చేసి చల్లి, కాసేపు నడిపించేవాడు. సుద్ద ఎక్కడ తడిస్తే నూనె అక్కణ్ణుంచి వస్తున్నట్టు.

“ఇంత కష్టపడి కారుడు ఆపవైతివి” అనేది అక్క.

“ఆపొద్దే. గిది చెప్పుకుంట కారుతది. ఎంత పోయిందో అంత పోస్త. కొత్త బండ్లు చెప్పకుంట చస్తయి” అనేవాడు బావ.

నేను జీవితమంతా ఒక దినపత్రికలో డెస్కు మీద పనిచేశాను. ముందు చెప్పవలసినది ముందే చెప్పడం అలవాటు. అందుకని ఇక్కడ కూడా చెప్పేస్తాను. ఆ ఇంజన్‌కు ఊపిరి గొట్టం ఒకటుంటుంది. అది మూసుకుపోవడం వల్లే బండి పోయింది. మూసింది మా అక్క.

ఆ గొట్టం పనేమిటో మాకెవరికీ తెలియదు, బావకూ మెకానిక్ భాయ్‌కీ తప్ప. ఇంజన్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడి పొగ కొంత పిస్టన్ల పక్క సందుల్లోంచి కిందికి జారి, నూనె నిలవ ఉండే గదిలో చేరుతుంది. అది బయటికి పోవడానికి ఇంజన్ పక్కన రెండు వేళ్ల లావు గొట్టం, కిందికి వంగి, రోడ్డు వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. బండి పరుగెడుతుంటే కిందనుంచి పోయే గాలి ఆ పొగను లాగేస్తుంది. పొగతో పాటు వచ్చిన నూనె ఆవిరి గొట్టం కొసన చుక్కగా చేరి రాలుతుంది. ఇప్పటి కార్లలో ఆ పొగను మళ్లీ ఇంజనే పీల్చుకుని కాల్చేస్తుంది. ఆ కాలంలో రోడ్డు మీద వదిలేసేవారు. రోడ్లు ఎవరివీ కావన్నట్టు.

కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, కత్తెర చేతిలో ఉండగానే బావ పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది. నాలుగు మాటలు మాత్రం మిగిలాయి. ఆ, వద్దు, పా, మంచిగ. వాటితోనే రోజు గడిచేది. దుకాణం మూసేశారు. అప్పటికే వాళ్ల పాత ఇంటి జాగాను బిల్డర్‌కు ఇచ్చారు. దాని మీద లేచిన అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు ఫ్లాటు, సెల్లార్‌లో కారుకు చోటూ వాళ్లకు వచ్చాయి.

నేను ఉండేది పంజాగుట్టలో. ఆదివారం పొద్దున్నే వెళ్లేవాణ్ణి. నేను వెళ్లేసరికి అక్క బావకు గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి కుర్చీలో కూర్చోబెట్టి ఉండేది. లిఫ్టులో కిందికి దించేవాళ్లం. బోరబండ నుంచి వచ్చే వాచ్‌మన్ ఒక చెయ్యి వేసేవాడు.

“సార్‌ను దించుడు అల్కగనే ఉంటది గని తీసుడే కష్టం. గీ సీటు బాయిల ఉన్నట్టుంది” అనేవాడు.

బావ నవ్వేవాడు. మూతి ఒక పక్కకే కదిలేది.

బండి నేనే నడిపేవాణ్ణి. బావ ఎడమ పక్క సీట్లో కూర్చుని, బాగున్న చెయ్యి తలుపు మీద వేసి, ఇంజన్ చప్పుడుకు తగ్గట్టు వేళ్లతో తట్టేవాడు. మెట్రో స్తంభాల వెంబడే పంజాగుట్ట దాకా వెళ్లి తిరిగి వచ్చేవాళ్లం. సిగ్నళ్ల దగ్గర హాస్టల్ పిల్లలు ఫోన్లతో వీడియోలు తీసేవారు. ఒకసారి ఒక అబ్బాయి బైకు మీదనుంచి వంగి, “అంకుల్, మైలేజ్ ఎంతిస్తది?” అని అడిగాడు. బావ ఎడమ చేత్తో గాలిలో సున్నా చుట్టాడు. ఇల్లు దగ్గరపడుతుంటే “పా” అనేవాడు, ఇంకా పోదామని. ఇంకో చుట్టు తిరిగేవాళ్లం.

డాక్టర్లు చెప్పిన వ్యాయామాలు చేయనని మొండికేసే మనిషి, శనివారం రాత్రి మాత్రం తనంతట తానే గోడ పట్టుకుని లేచి నిలబడేవాడు.

“వారమంత ఆదివారం కోసమే తింటుండు తమ్మీ. గీ బండి లేకుంటె ముద్ద ముట్టడు” అంది అక్క నాతో ఒకసారి.

చుక్కలు అప్పుడూ పడుతూనే ఉన్నాయి. కింద అస్తరు గుడ్డ పరిచే మనిషి లేడు. అక్క ఒక పాత పళ్లెం పెట్టేది. పిల్లి తన్నేది, లేదా నేను బండి కొంచెం ముందుకు ఆపేవాణ్ణి. నూనె పళ్లెంలో కన్నా నేల మీదే ఎక్కువ పడేది. ఒకరోజు అసోసియేషన్ సెక్రటరీ వాళ్లమ్మ కూరగాయల సంచీతో వస్తూ దాని మీద కాలు వేసి జారిపడింది. మణికట్టు విరిగింది.

సెక్రటరీ గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినాయన. అరిచే మనిషి కాదు. సాయంత్రం ఫ్లాటుకు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

“ఏం అనుకోకండి మేడంగారు. అమ్మ కాబట్టి నేనేం మాట్లాడలేదు. రేపు ఇంకెవరికైనా తుంటి విరిగితే ఏంటండీ పరిస్థితి? సెల్లార్‌లో టైల్స్ కూడా వేయిస్తున్నాం. ఒక్క చుక్క పడకుండా చూసుకోండి. కుదరదంటే మాత్రం బండి తీసేయాల్సిందేనండి. అందరూ సంతకాలు పెట్టేశారు.”

“తీసేసుడు వద్దు సార్. నేను ఆపిస్త” అంది అక్క.

ఆయన వెళ్లాక లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది.

“మీ బావకు తెల్వద్దు. బండి తీస్తరని తెలిస్తే మళ్ల మంచం ఎక్కుతడు.”

మెకానిక్ భాయ్‌ని పిలిపించాం. ఆయన రెండు రోజులు కారు కింద పడుకుని ప్యాకింగులు మార్చాడు, బోల్టులు బిగించాడు. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

“అమ్మా, మస్తు తగ్గింది. గని పూరా బంద్ అయితదని నేను చెప్ప. గిది ఇంగ్లీష్‌వాలా. ముక్కు కారుడు దాని ఆదత్.”

నిజంగానే చాలా తగ్గింది. ఆ వారమంతా ఒక్కచోటే చుక్క పడుతూ కనిపించింది. ఇంజన్ పక్కనుంచి కిందికి వేలాడే ఆ గొట్టం కొసన. భాయ్ అప్పటికే పెళ్లికని గుల్బర్గా వెళ్లిపోయాడు. అక్క రోజూ పొద్దున్నే వెళ్లి వంగి చూసి వచ్చేది. కారే కుళాయికి గుడ్డ కట్టడం ఎవరికి తెలియదు? కానీ అక్క దర్జీ ఇంటి మనిషి. ఊరికే గుడ్డ చుట్టి వదిలేయడం ఆమెకు చేతకాదు.

దుకాణానికి గుండీల కాజాలూ అంచుల తురపాయి పనీ ఎన్నో ఏళ్లు ఇంట్లో కూర్చుని చేసిందామె. బావ నిద్రపోయే మధ్యాహ్నాల్లో కుట్టుమిషను ముందు కూర్చుంది. లోపల రెగ్జిన్, బయట నల్లటి సూటు గుడ్డ, మధ్య బిరుసుగా నిలబెట్టే బక్రం. అడుగున గుండ్రటి ముక్క వేసి రెండు వరసలు కుట్టింది. మూతి దగ్గర మడత పెట్టి నాడా ఎక్కించింది. పావు శేరు నూనె పట్టే చిన్న సంచి. గొట్టం కొలతకు కచ్చాకుట్టు వేసి, ఒకసారి కిందికి వెళ్లి తొడిగి చూసి, మళ్లీ విప్పి కుట్టింది. పూర్తయ్యాక పాత చీర పరుచుకుని ఆ వయసులో కారు కిందికి దూరింది. నేను టార్చి పట్టుకున్నాను.

“వదులుగ కట్టకు, జారిపోతది” అన్నాను.

“నాడా కట్టుడు నాకు నేర్పకు” అంది కిందనుంచి.

ముడి మీద ముడి వేసింది. మర్నాడు నేల మీద చుక్క లేదు. ఆ మర్నాడూ లేదు. సెక్రటరీ వచ్చి మోకాళ్ల మీద వంగి ఫోను వెలుతురులో చూశాడు.

“సూపరండీ! ఎక్కడ కొన్నారు ఇది?”

“కొన్లే సార్, కుట్టిన.”

ఆయన వాళ్లమ్మను కూడా పిలిచి చూపించాడు. ఆమె కట్టు కట్టిన చేత్తోనే కళ్లజోడు సర్దుకుని, “చేతిపని ముచ్చటగా ఉందమ్మా” అంది. అక్క ఆ సాయంత్రం ఎల్లమ్మ గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది, చుక్క లేదని.

కొన్ని ఆదివారాలు బాగా గడిచాయి. బావకు వెనక జరిగిందేదీ తెలియదు. గొట్టం బండి కింద ఎక్కడో ఉంటుంది, ఆయన వంగలేడు. ఇంజన్‌లో నూనె ఎంతుందో చెప్పే పుల్లను నేనూ తీసి చూడలేదు. ఇదివరకు నేల మీది మరకలే నూనె పోయమని గుర్తుచేసేవి. ఇప్పుడు నేల తళతళలాడుతోంది. డాష్‌బోర్డు మీది నూనె ముల్లు ఎప్పటినుంచో కదలదు.

ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణం దగ్గరపడి బల్కంపేట వైపు రోడ్లన్నీ జనంతో నిండాయి. ఆ ఆదివారం జనాన్ని తప్పించుకుని త్వరగా బయటపడ్డాం. వాన కురిసి వెలిసింది. పంజాగుట్ట దాటాక “పా” అన్నాడు బావ. ఖైరతాబాద్ దాటాక మళ్లీ “పా” అన్నాడు. నెక్లెస్ రోడ్డు మీద సాగర్ నీళ్ల మీది గాలి తగులుతుంటే కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు ఆయన అంత సంతోషంగా ఉండడం చూసి నేనూ వేగం పెంచాను.

తిరిగి వస్తుంటే పంజాగుట్ట దగ్గర కాలిన నూనె వాసన వచ్చింది. ముందు బస్సుది అనుకున్నాను. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ గట్టిగా అరుస్తోంది, బండి మాత్రం వేగం అందుకోవడం లేదు. బావ వేళ్లు తలుపు మీద ఆగిపోయాయి. తల కొంచెం వంచి విన్నాడు. నాకు ఇంకా ఏమీ వినబడకముందే నా మణికట్టు పట్టుకుని, “వద్దు, వద్దు” అన్నాడు. అప్పుడు వినిపించింది. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. స్తంభం పక్కకు తిప్పేలోపే దభీమని ఒక చప్పుడై ఇంజన్ దానంతటదే ఆగింది.

దిగి వెనక్కి చూశాను. మేము వచ్చిన దారంతా తడి రోడ్డు మీద నల్లటి చార.

ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. “ఏంది పెద్దమనిషీ గిది! రోడ్డంత నూనె జేసినవ్! బైకులోళ్లు పడి సావాల్నా?” అని కోప్పడి, బావను చూసి గొంతు దించాడు. “నీళ్లు గిట్ట కావాల్నా సార్‌కు?” తరవాత ఆయనే ఎక్కడినుంచో ఇసుక తెప్పించి చల్లించాడు. బావను ఆటోలో ఇంటికి పంపి, నేను క్రేన్ వచ్చేదాకా బండి దగ్గర నిలబడ్డాను. ఆటో కదులుతుంటే బావ వెనక్కి తిరిగి చూడబోయాడు. మెడ అంత తిరగలేదు.

సనత్‌నగర్ షెడ్డుకు అక్క తానూ వస్తానంది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. మేము వెళ్లేసరికి భాయ్ బండిని జాకీల మీద ఎత్తి కిందనుంచి చూస్తున్నాడు. ఆయన చేయి ఒకచోట ఆగింది. సంచి ముడి విప్పడానికి ప్రయత్నించి, కుదరక బ్లేడుతో నాడా కోశాడు. సంచి తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

“అరే, గీ థైలీ ఎవడు కట్టిండు బే? దుష్మన్ సుత గింత పక్కాగ కట్టడు!”

“నేనే కట్టిన భాయ్” అంది అక్క.

షెడ్డులో రేడియో మోగుతోంది. భాయ్ వెళ్లి దాన్ని ఆపాడు. ఏం చేయాలో తెలియక సంచిని అరచేతిలో తిప్పుతూ, “గట్లేం లేదమ్మా. ఇంజన్ బుడ్ఢీ అయింది. ఎట్లైనా పోతుండె. థైలీది ఏం లేదు” అన్నాడు.

“పాతదే గద అక్కా, ఎన్నాళ్లని నడుస్తది” అన్నాను నేను.

అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“మీకు అబద్ధం చెప్పుడు సుత వస్తలేదు. గొట్టం పనేంది? చెప్పు భాయ్.”

ఆయన స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టాడు. తాను నేల మీద కూర్చున్నాడు.

“ఇంట్ల కుక్కర్ ఉంటది గద అమ్మా. సీటీ రాకుంట చెయ్యి అడ్డం పెడితె ఆవిరి యాడికి పోతది? పక్కలకెల్లి తన్నుకొస్తది. గిది సుత గంతే. లోపల పొగ జమైతది. గొట్టంకెల్లి పోవాలె. పోకుంటె నూనెను నూకుకుంట వెనకకెల్లి వస్తది. వెనక ఉన్నయి ఉత్త మరలు, గంత జోర్‌కు ఏం ఆపుతయి? క్లచ్చి తడిసి జారింది, నూనెంత పోయింది. నూనె లేక ఇరుసు కాలింది.”

“బండి నడుస్తుంటెనే వస్తదా?”

“నడుస్తుంటెనే. ఆగితె జర జర చుక్కలు పడతయి.”

“పడ్డయి” అంది అక్క. “వెనక దిక్కు పడుతుండె. బండి వచ్చినంక నేనే పోయి తుడిచిన. ఎవరన్న చూస్తె బండి తీసేస్తరని.”

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆదివారం బావను పైకి చేర్చి, నాకు టిఫిన్ పెట్టి, పాలకని చెప్పి కిందికి వెళ్లేది. పాలకు ఇంతసేపా అని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇరుసు సామాను ఇక్కడ దొరకదన్నాడు భాయ్. ఇంగ్లండు నుంచి తెప్పించాలి, సిలిండర్లకు బోరు చేయించాలి, వాటికి ఏడాది పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. “అయితది అమ్మా, కాదని కాదు” అన్నాడు. అక్క వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని లేచింది. ఆమె లెక్కపెట్టింది బండికి పట్టే నెలలను కాదు, బావకు మిగిలిన నెలలను. బావకు గుండె కూడా బాగాలేదని, వానాకాలం జాగ్రత్త అనీ కిందటి నెలే డాక్టర్లు చెప్పారు.

పాత బండ్లు కూడబెట్టే ఒకాయన ఉన్నాడనీ, ఆయనకిస్తే తీరుబడిగా బాగుచేయించుకుంటాడనీ భాయ్ చెప్పాడు. “ఇచ్చెయ్” అంది అక్క. భాయ్ సంచిని పెట్రోలులో కడిగి, పిండి, పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఆయనకూ తెలిసి ఉండదు. ఆడమనిషి కుట్టిన వస్తువును ఆమె ముందే చెత్తలో వేయలేకపోయాడేమో.

ఇంటికి వచ్చాక బావకు ఏం చెప్పాలో దారి పొడవునా నేను ఆలోచించాను. ఇంజన్ పాతదని చెప్పడమే మంచిదనిపించింది. లిఫ్టులో ఆ మాటే అన్నాను. అక్క చెప్పులు విడిచి, నేరుగా బావ మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది.

“బండి నేనే సంపిన” అంది. “నూనె కారుతుందని బండి తీసెయ్యమన్నరు. నీకు చెప్పలే. గొట్టానికి సంచి కుట్టి కట్టిన. గొట్టం మూస్తె ఇంజన్ పోతదట. నాకేం తెలుసు?”

బావ ఆమె చేతిలోని పొట్లం వైపు చూసి ఎడమ చెయ్యి చాపాడు. అక్క ఇచ్చింది. ఆయన పేపరు విప్పి సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్ని తిరగేశాడు, లోపల వేలు పెట్టి రెగ్జిన్ తడిమాడు, అడుగు కుట్టును బొటనవేలితో లాగి చూశాడు. దుకాణంలో కారిగార్ల పని తీసుకునేటప్పుడు అలాగే చూసేవాడు. అంత నూనె నిండినా కుట్టు ఎక్కడా విడలేదు.

“మంచిగ” అన్నాడు.

అక్క నిలబడ్డచోటే కూలబడింది. భర్త పక్షవాతంతో పడిపోయిన రోజున కూడా ఆమె అలా ఏడవగా నేను చూడలేదు. బావ చెయ్యి ఆమె తల దాకా వచ్చి, అందక, మంచం పట్టీ మీద ఆగింది. నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. చక్కెర ఎక్కడుందో తెలియక డబ్బాలన్నీ తెరిచాను.

సెల్లార్‌లో టైల్స్ వేశారు. వాళ్ల చోటు ఖాళీగా ఉంది. ఒక సాయంత్రం లిఫ్టులో అక్కకూ నాకూ సెక్రటరీ వాళ్లమ్మ ఎదురై, “ఆదివారం ఆ బండి చప్పుడు వినబడితే తొమ్మిదైందని తెలిసేదమ్మా. ఇప్పుడేంటో తెలియట్లేదు” అంది. ఆమె కట్టు విప్పేశారు. అక్క ఆ చేతిని పట్టుకుని, నొప్పి తగ్గిందా అని అడిగింది.

బండి పోయిన తరవాతి ఆదివారం నేను క్యాబు మాట్లాడి కింద ఆపి పైకి వెళ్లాను. కొత్త కారు, ఏసీ, మెత్తటి సీట్లు. నెక్లెస్ రోడ్డు దాకా తీసుకెళ్లి తేవాలని అక్కా నేనూ ముందే అనుకున్నాం. ఆమె ఎప్పటిలాగే ఆయనకు గడ్డం గీసింది, ఇస్త్రీ చొక్కా తొడిగి గుండీలు పెట్టింది, తల దువ్వింది.

“పా బావా” అన్నాను.

బావ కిటికీలోంచి మెట్రో పోవడం చూస్తున్నాడు. నా వైపు తిరిగి, “వద్దు” అన్నాడు. కోపంగా అనలేదు.

“ఒక్క చుట్టు పోయిరా. గాలి తగిలితె పానం మంచిగుంటది” అంది అక్క.

“వద్దు.”

“నా మీద కోపమా?”

బావ తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు ఊపాడు. కింద డ్రైవర్ ఒకసారి ఫోన్ చేశాడు. వెళ్లిపొమ్మని చెప్పాను. అక్క మంచం మీద ఆయన పక్కన కూర్చుని, అప్పుడే పెట్టిన గుండీలను పైనుంచి ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.